రెండు చివరలా బిగించిన సూక్ష్మగొట్టంలో ద్రవ వేగం పెంచినా పుల్-ఇన్ వోల్టేజీ ఎందుకు మారడం లేదు?

ప్రశ్న: స్వర్ణముఖి (తిరుపతి)

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఎం.టెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. లోపల ద్రవం పారుతుండగా విద్యుత్ బలంతో కంపించే అతి చిన్న సెన్సార్ల స్థిరత్వం నా ప్రాజెక్టు విషయం. మూడు వారాలుగా ఒకే చోట ఆగిపోయాను కనుక కొలతలన్నీ వివరంగా ఇస్తున్నాను.

నేను తీసుకున్నది 500 మైక్రోమీటర్ల పొడవున్న సిలికాన్ గొట్టం. దాని రెండు చివరలూ కదలకుండా బిగించి ఉన్నాయి. బయటి కొలత 12 మైక్రోమీటర్ల వెడల్పు, 7 మైక్రోమీటర్ల ఎత్తు. లోపల నీరు పారే కాలువ 8 మైక్రోమీటర్ల వెడల్పు, 3 మైక్రోమీటర్ల ఎత్తు. గొట్టం కింద 2 మైక్రోమీటర్ల ఎడంలో, పొడవంతటికీ ఎలక్ట్రోడు పరిచి ఉంది. పదార్థపు గట్టిదనాన్ని తెలిపే యంగ్ గుణకం 169 గిగాపాస్కళ్లుగా తీసుకున్నాను. కాలువ ఖాళీగా ఉన్నప్పుడు మొదటి సహజ పౌనఃపున్యం సుమారు 282 కిలోహెర్ట్జ్, నీరు నింపితే 261 కిలోహెర్ట్జ్ వస్తున్నాయి. డీసీ వోల్టేజీని మెల్లగా పెంచుతూ పోతే 96 వోల్టుల దగ్గర గొట్టం పట్టు తప్పి ఎలక్ట్రోడు మీదికి వాలిపోతోంది; పుల్-ఇన్ అంటే ఇదే. అంచుల దగ్గర వంగే విద్యుత్ క్షేత్రాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

చదివిన పరిశోధన పత్రాలన్నింటిలోనూ ద్రవ వేగం పెరిగేకొద్దీ ఈ పుల్-ఇన్ వోల్టేజీ బాగా తగ్గుతూ పోయి, ఒక సంధివేగం దగ్గర సున్నాకు చేరుతున్నట్టు రేఖాపటాలు ఉన్నాయి. నేను వేగాన్ని సెకనుకు 0.1 మీటరు, 0.5 మీటరు, 1 మీటరు అని పెంచి చూసినా వోల్టేజీ మూడో దశాంశ స్థానం వరకూ కదలడం లేదు. ప్రోగ్రాములో వేగానికి సంబంధించిన పదం అసలు పనిచేస్తోందా అన్న అనుమానం వచ్చి, సమీకరణాన్ని మొదటి నుంచి రెండుసార్లు రాసుకుని చూశాను. తప్పు కనబడలేదు.

రెండో సందేహం కూడా ఉంది. ఒక చివర మాత్రమే బిగించిన కాంటిలివర్ గొట్టాలు వేగం పెరిగితే వాటంతటవే అటూ ఇటూ కొట్టుకునే ఫ్లట్టర్‌కు లోనవుతాయని చదివాను. అలాంటప్పుడు కణాలను తూచడానికి కాంటిలివర్ రూపంలోనే సెన్సార్లు ఎలా చేస్తున్నారు? సిలికాన్ బదులు పీడీఎంఎస్ వంటి మెత్తని పదార్థం తీసుకుంటే వేగం ప్రభావం కనిపిస్తుందని మా గైడు గారు సూచించారు. ఆ దారిలో వెళ్లవచ్చా?

సమాధానం: మామిడితోట (చిత్తూరు)

అమ్మా, నీ ప్రోగ్రాము తప్పు కాదు. ఆ రేఖాపటాల అడ్డగీత మీద ఉన్నది సెకనుకు ఇన్ని మీటర్లు అనే వేగం కాదు, కొలమానం లేని వేగం. నేను చాలా ఏళ్లు మెకానికల్ విభాగంలో కంపనాల పాఠం చెప్పి విరమించాను. ఈ ఒక్క చోట తడబడిన పిల్లలు ఎందరో ఉన్నారు కనుక కొంచెం నిదానంగా చెబుతాను.

ఆ కొలమానం లేని వేగం అంటే, అసలు వేగాన్ని గొట్టం పొడవుతో గుణించి, మీటరు పొడవులో ఉన్న ద్రవ ద్రవ్యరాశిని గొట్టపు వంపు దృఢత్వంతో భాగించగా వచ్చినదాని వర్గమూలంతో మళ్లీ గుణించినది. రెండు చివరలూ బిగించిన గొట్టానికి దాని సంధివిలువ 2π, అంటే 6.28. చివరలు ఆనించి మాత్రమే ఉంచితే π. నీ కొలతలు వేసి చూస్తే, కొలమానం లేని వేగంలో ఒక్క అంకె నీ గొట్టంలో సెకనుకు దాదాపు 96 మీటర్లకు సమానం. సంధివేగం సెకనుకు సుమారు 600 మీటర్లు. గాలిలో ధ్వని వేగం కన్నా అది ఎక్కువ. నీ కాలువలో నీటిని సెకనుకు 1 మీటరు వేగంతో నడపడానికే స్నిగ్ధత వల్ల ఈ చివరకూ ఆ చివరకూ మధ్య తొమ్మిది బార్లకు కాస్త తక్కువ పీడన భేదం కావాలి. 600 మీటర్లకు అయిదు వేల బార్లు దాటుతుంది. ఆ రేఖాపటాల్లో కుడివైపు సగం నీ గొట్టానికి ఎప్పటికీ అందని ప్రదేశం.

వేగం చేసే పని ఏమిటో కూడా చూడు. గొట్టం కొద్దిగా వంగితే, లోపలి ద్రవం ఆ వంపు వెంట తిరగవలసి వస్తుంది. అలా తిరిగే ద్రవం వంపును ఇంకా బయటికి నెడుతుంది. ఈ నెట్టుడు వేగపు వర్గాన్ని బట్టి, వంపును బట్టి ఉంటుంది కనుక, సమీకరణంలో అది గొట్టాన్ని రెండు చివరల నుంచీ నొక్కే సంపీడన బలంలా కనిపిస్తుంది. నొక్కుడు పెరిగితే దృఢత్వం తగ్గుతుంది, దృఢత్వం తగ్గితే తక్కువ వోల్టేజీకే పుల్-ఇన్ వస్తుంది. స్థూలంగా చెప్పాలంటే, సంపీడనానికీ బకలింగ్ బలానికీ (చివరల నుంచి నొక్కితే గొట్టం పక్కకు వంగిపోయే బలం) ఉన్న నిష్పత్తిని ఒకటిలోంచి తీసివేసి, మిగిలినదాని వర్గమూలంతో నీ 96 వోల్టులను గుణించాలి. సెకనుకు 1 మీటరు దగ్గర ఆ నిష్పత్తి పది లక్షలకు మూడు పాళ్లయినా లేదు. వోల్టేజీలో తేడా మిల్లీవోల్టులో ఏడో ఎనిమిదో వంతు. నీకు మూడో దశాంశంలో కనబడకపోవడం సరైన జవాబే.

ఇక కాంటిలివర్ సంగతి. మా తోటలో బోరు మోటారు వేసినప్పుడు, మామిడి పాదు దగ్గర వదిలేసిన పచ్చ పైపు కొసను చూస్తే ఇది అర్థమవుతుంది. నీరు సన్నగా వస్తున్నంతసేపు పైపు నేల మీద కదలకుండా పడి ఉంటుంది. కాలితో తట్టినా వెంటనే నిలబడిపోతుంది. వాల్వు పూర్తిగా తిప్పితే కొస నేల మీంచి లేచి, పాములాగా అటూ ఇటూ కొట్టుకుంటూ మొదలంతా తడిపేస్తుంది. మొదటి స్థితిలో కోరియోలిస్ బలం (ఊగుతున్న పైపులో పారే ద్రవం దాని మీద చూపే పక్క బలం) పైపు కదలిక నుంచి శక్తిని తీసుకుని ద్రవంతో బయటికి పంపుతోంది, అంటే ప్రవాహమే కంపనాన్ని అణుస్తోంది. వేగం ఒక హద్దు దాటాక, కొస కదులుతున్న దిక్కుకు వ్యతిరేకంగా వాలి ఉండేలా కంపనపు ఆకారం మారి, ప్రవాహం నుంచి పైపులోకే శక్తి వచ్చి చేరుతుంది. రెండు చివరలూ బిగించినప్పుడు కొస కదలదు కనుక ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు. అందుకే అక్కడ మొదట వచ్చేది బకలింగ్, ఇక్కడ వచ్చేది ఫ్లట్టర్.

ఈ విషయం పెద్ద గొట్టాల దగ్గరే మొదలైంది. 1950లో ఆష్లే, హావిలాండ్ అరేబియా చమురు గొట్టపు కంపనాలను వివరించడానికి ప్రయత్నించారు. 1952లో హౌస్నర్ ఆ సమీకరణాన్ని సరిచేశాడు, 1961లో బెంజమిన్ కీళ్లతో కలిపిన గొట్టాల మీద పనిచేశాడు, 1966లో గ్రెగరీ, పైడూసిస్ కాంటిలివర్ గొట్టాలకు లెక్కనూ ప్రయోగాన్నీ పక్కపక్కన పెట్టి చూపారు. నీ సమీకరణం ఆ వరుసలోదే. దానికి విద్యుత్ బలం మాత్రమే కొత్తగా చేరింది.

అయితే కణాలను తూచే కాంటిలివర్‌కూ తోటలోని పైపుకూ పెద్ద తేడా ఉంది. అమెరికాలోని ఎంఐటీలో మనాలిస్ బృందం 2007లో వెలువరించిన పరికరంలో కాలువ యూ ఆకారంలో ఉంటుంది. ద్రవం మొదలు దగ్గర లోపలికి వెళ్లి, కొస దగ్గర మలుపు తిరిగి, మళ్లీ మొదలు దగ్గరే బయటికి వస్తుంది. గాలిలోకి చిమ్మే కొస లేదు. పైగా మలుపు దగ్గర ద్రవం కొసను బయటికి నెట్టడం వల్ల కాంటిలివర్ పొడవునా తన్యత కలుగుతుంది. వంపు వల్ల వచ్చే సంపీడన ప్రభావాన్ని ఆ తన్యత సరిగ్గా రద్దు చేస్తుంది. లోపలి పీడనానికి కూడా ఇదే లెక్క. రెండు కాలువల్లో ప్రవాహం ఎదురెదురుగా ఉండడంతో కోరియోలిస్ బలాలు కూడా ఎదురెదురై, కాంటిలివర్‌ను పైకీ కిందికీ ఊపకుండా కాస్త మెలిపెడతాయి. ప్రవాహాన్ని కొలిచే కోరియోలిస్ మీటర్లలో ఆ మెలినే కొలుస్తారు. ఫ్లట్టర్ భయం ఆ ఆకారానికి వర్తించదు.

సమాధానం: క్లీన్‌రూమ్ (తిరుపతి)

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను కొన్నేళ్లు బెంగళూరులో సిలికాన్ పరికరాలు తయారుచేసే పనిలో ఉండి, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. చేతితో చేసినవాడిగా ఒక మాట కలపాలనిపించింది. స్వర్ణముఖి గారూ, మీ గొట్టం స్థిరత్వాన్ని నిజంగా నిర్ణయించేవి ఏవో తెలియాలంటే, దాన్ని అక్షం వెంట నొక్కే బలాలన్నింటినీ మైక్రోన్యూటన్లలో పక్కపక్కన రాయండి. మీ కొలతలతో నేను వేసిన లెక్క ఇది.

మీ గొట్టం బకలింగ్ బలం సుమారు 8,700 మైక్రోన్యూటన్లు. సెకనుకు 1 మీటరు వేగంతో పారే నీటి ద్రవ్యవేగం వల్ల వచ్చే నొక్కుడు 0.024 మైక్రోన్యూటన్లు. పొరలు పొరలుగా సాగే ప్రవాహం కనుక దాన్ని కొంచెం పెంచాలి. గుండ్రటి గొట్టానికి ఆ గుణకం మూడింట నాలుగు, మీ పలక కాలువకు అంతకన్నా పెద్ద తేడా ఉండదు. అదే నీటిని నడపడానికి కావలసిన పీడనంలో సగటును కాలువ వైశాల్యంతో గుణిస్తే 10 మైక్రోన్యూటన్లు, అంటే ద్రవ్యవేగపు బలానికి నాలుగు వందల రెట్లు. చివరలు బిగించి ఉన్నాయి కనుక పీడనపు పదాన్ని, ఒకటిలోంచి పాయిసాన్ నిష్పత్తికి (పదార్థాన్ని ఒక దిక్కున సాగదీస్తే అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెప్పే అంకె) రెట్టింపు తీసివేయగా మిగిలినదానితో గుణించాలి. సిలికాన్‌లో దానివల్ల అది కొంత తగ్గుతుందే గాని పోదు.

ఇప్పుడు ఉష్ణోగ్రత చూడండి. గొట్టం తన చుట్టూ ఉన్న సిలికాన్ చట్రం కన్నా 10 డిగ్రీలు వేడిగా ఉందనుకుందాం. సిలికాన్ వ్యాకోచ గుణకం డిగ్రీకి పది లక్షలకు 2.6 పాళ్లు. చివరలు కదలవు కనుక ఆ వ్యాకోచమంతా ఒత్తిడిగా మారి 4.4 మెగాపాస్కళ్ల సంపీడనం వస్తుంది. గోడల వైశాల్యం 60 చదరపు మైక్రోమీటర్లు కనుక బలం 260 మైక్రోన్యూటన్లు దాటుతుంది. ప్రవాహపు ద్రవ్యవేగం కన్నా ఇది పదివేల రెట్లు పెద్దది. పుల్-ఇన్ వోల్టేజీ దీనివల్ల దాదాపు 1.5 శాతం, అంటే 1.4 వోల్టులు తగ్గుతుంది. సహజ పౌనఃపున్యం 4 కిలోహెర్ట్జ్ దాకా జారుతుంది. కాలువలో నీరు నింపితే వచ్చే మార్పు మొత్తం 21 కిలోహెర్ట్జ్ అయినప్పుడు, 10 డిగ్రీలకు 4 కిలోహెర్ట్జ్ అంటే సాంద్రత కొలిచే సెన్సార్‌కు అది ఎంత పెద్ద పొరపాటో మీరే ఊహించగలరు.

మన తిరుపతిలో మే నెల సంగతి మీకు చెప్పనక్కరలేదు. కరెంటు పోయి ఏసీ ఆగిన గదిలో సీసాలో ఉన్న నీరు, అప్పటిదాకా చల్లగా ఉన్న చిప్‌లోకి పారితే ఆ కొద్ది నిమిషాలు గొట్టానికీ చట్రానికీ మధ్య తేడా ఏర్పడుతుంది. చిప్ మొత్తం ఒకేలా వేడెక్కితే ఇబ్బంది తక్కువ; ఇబ్బంది కలిగించేది తేడాయే.

తయారీలో మిగిలిపోయే ఒత్తిడిని కూడా మరవకండి. మొదటిసారి నేను కింది పొరను కరిగించి వదిలిన పలుచని దూలాలను మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు, తిన్నగా ఉండవలసిన దూలం మీద ఆకుపచ్చ, గులాబీ రంగుల చారలు వంతెన కమానులాగా వంగి కనిపించాయి. వోల్టేజీ ఏమీ ఇవ్వకముందే అవి బకలింగ్‌కు లోనై ఉన్నాయి. ఆ ముక్కలు దేనికీ పనికిరాలేదు. మీ గొట్టంలో 20 మెగాపాస్కళ్ల సంపీడన ఒత్తిడి మిగిలితే 1,200 మైక్రోన్యూటన్లు, అంటే బకలింగ్ బలంలో ఏడో వంతు అప్పుడే ఖర్చయిపోయినట్టు. అందుకే చాలామంది తయారీదారులు కావాలనే కొంచెం తన్యత మిగిలేలా పొరలు వేస్తారు.

పీడీఎంఎస్ గురించి. దాని యంగ్ గుణకం ఒకటి రెండు మెగాపాస్కళ్లే కనుక, సిలికాన్ కన్నా దాదాపు లక్ష రెట్లు మెత్తన. అవే కొలతలకు సంధివేగం 600 నుంచి సెకనుకు 2 మీటర్ల దగ్గరికి పడిపోతుంది. కాగితం మీద ఇది బాగుంటుంది. కాని ఆ వేగానికి కావలసిన పదహారు పదిహేడు బార్ల పీడనాన్ని ఆ మెత్తని గోడలు తట్టుకోలేవు, బుడగలాగా ఉబ్బిపోతాయి. రబ్బరు జాతి పదార్థాలకు పాయిసాన్ నిష్పత్తి దాదాపు 0.5 కనుక అక్షం వెంట పీడనపు పదం ఇంచుమించు సున్నా అవుతుందన్నది నిజమే. అడ్డంగా ఉబ్బడాన్ని మాత్రం మీ దూలపు సమీకరణం చూడనే చూడదు. ఆ దారిలో వెళ్లాలంటే కాలువను చాలా పెద్దది చేయాలి, అప్పుడది సూక్ష్మ సెన్సార్ అనిపించుకోదు.

ఇంకొకటి. పరిమాణపు ప్రభావం (అతి చిన్న వస్తువులు మామూలు లెక్క కన్నా దృఢంగా ఉండడం) అంటూ కొన్ని పత్రాలు సవరించిన కపుల్ స్ట్రెస్ సిద్ధాంతాన్ని వాడి, పదార్థపు పొడవు కొలత 17.6 మైక్రోమీటర్లుగా తీసుకుంటాయి. ఆ అంకె ఎపాక్సీది. సిలికాన్‌కు అది చెల్లదు. మీరు పొరపాటున వాడితే 7 మైక్రోమీటర్ల ఎత్తున్న మీ గొట్టం ఎన్నో రెట్లు దృఢంగా కనిపిస్తుంది. అతి దగ్గరగా ఉన్న ఫలకాల మధ్య పుట్టే క్వాంటం ఆకర్షణను, అంటే కాసిమిర్ బలాన్ని కూడా కొందరు కలుపుతారు. 10 వోల్టులకే మీ 2 మైక్రోమీటర్ల ఎడంలో విద్యుత్ పీడనం 110 పాస్కళ్లు ఉంటుంది. కాసిమిర్ పీడనం అక్కడ ఒక పాస్కల్‌లో పదివేలో వంతు కూడా లేదు. దాన్ని వదిలేయండి.

స్వర్ణముఖి (తిరుపతి)

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మామిడితోట గారూ, మా ఊళ్లో వరిమడికి నీళ్లు పెట్టేటప్పుడు పైపు కొసను నేనూ పట్టుకున్నదాన్నే. ఆ కొట్టుకోవడం నా సమీకరణంలోనిదేనని ఇన్నాళ్లూ తోచలేదు.

క్లీన్‌రూమ్ గారు చెప్పినట్టు ఉష్ణోగ్రత భేదాన్నీ, పీడనాన్నీ, మిగిలిన ఒత్తిడినీ సమీకరణంలో చేర్చి నిన్న రాత్రి మళ్లీ నడిపాను. 10 డిగ్రీల భేదానికి పుల్-ఇన్ 94.6 వోల్టులకు దిగింది. మీ లెక్కతో సరిపోయింది. మా గైడు గారికి ఈ మైక్రోన్యూటన్ల వరుస చూపిస్తే, ప్రాజెక్టు శీర్షికలో ద్రవ వేగం స్థానంలో ఉష్ణోగ్రత భేదాన్ని పెట్టడానికి వెంటనే ఒప్పుకున్నారు.

ఒక చివరి సందేహం. వోల్టేజీని 95 దగ్గర నిలిపితే, మిగిలిన దృఢత్వం చాలా తక్కువ కనుక చిన్న ప్రవాహం కూడా పెద్ద మార్పుగా కనిపించదా? ప్రవాహాన్ని కొలిచే సెన్సార్‌గా దాన్ని వాడుకోలేమా?

సమాధానం: మామిడితోట (చిత్తూరు)

ఆలోచన మంచిదే, కాని అక్కడ సున్నితత్వం పెరిగేది ప్రవాహానికి మాత్రమే కాదు, అన్నింటికీ. 96కు 95 అంటే నీకు మిగిలిన వెసులుబాటు బకలింగ్ బలంలో రెండు శాతం, సుమారు 180 మైక్రోన్యూటన్లు. గొట్టం చట్రం కన్నా ఏడు డిగ్రీలు వేడెక్కితే అది పూర్తిగా అయిపోయి, గొట్టం వెళ్లి ఎలక్ట్రోడుకు అతుక్కుంటుంది. ప్రవాహం ఇచ్చే 0.024 మైక్రోన్యూటన్లను ఆ సందట్లో వెతికి పట్టుకోలేవు. ప్రవాహం కొలవాలంటే యూ ఆకారపు మెలిని కొలవడమే మేలు.

పైగా 96 అన్నది వోల్టేజీని మెల్లగా పెంచినప్పటి హద్దు. ఒక్కసారిగా ఇస్తే గొట్టం సమతాస్థితిని దాటి ముందుకు ఊగుతుంది కనుక హద్దు ఇంకా తక్కువ. సమాంతర ఫలకాల నమూనాలో, అణుచుడు లేనప్పుడు, ఆ నిష్పత్తి 32లో 27 వంతులకు వర్గమూలం, అంటే 0.919. నీ గొట్టానికి ఆ నిష్పత్తినే వాడితే 88 వోల్టులు. దూలానికి అంకె కాస్త అటూ ఇటూగా ఉన్నా దిక్కు మారదు.

కంపింపజేయడానికి ఏసీ కూడా కలుపుతావు కదా. విద్యుత్ బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, నువ్విచ్చిన పౌనఃపున్యంతో పాటు దాని రెట్టింపు పౌనఃపున్యం దగ్గర కూడా బలం పుడుతుంది. ఆ బలం ఎడాన్ని కూడా బట్టి ఉంటుంది కనుక, వోల్టేజీ మారేకొద్దీ దృఢత్వం కూడా లయగా మారుతుంది. ఆ లయ సహజ పౌనఃపున్యానికి రెండింతలైన చోట, నేరుగా ఊపే బలం లేకపోయినా కంపనం తనంతట తానే పెరుగుతుంది. మనాలిస్ బృందపు కాంటిలివర్‌కు శూన్యంలో నాణ్యతా గుణకం 15,000 దాకా ఉండేది. అంత తక్కువ అణుచుడు ఉన్న పరికరంలో కొద్ది ఏసీ కూడా డోలన పరిమితిని ఎడం దాకా తీసుకుపోతుంది. నీ తరువాతి లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టు: డీసీని 60 వోల్టులకు దించి, ఏసీని మిల్లీవోల్టులతో ప్రారంభించి, ఉష్ణోగ్రత భేదాన్ని 0 నుంచి 10 డిగ్రీల వరకు ఒక్కొక్క డిగ్రీ పెంచుతూ, ప్రతిచోటా గొట్టం నిలబడిందా వాలిపోయిందా అని గుర్తు పెట్టుకుంటూ వెళ్లు. ఆ పటం తయారయ్యాక ఇక్కడ పెడితే మేమిద్దరం చూస్తాం.